వెనక గోడలో ఏడు కన్నాలు

జనవరి 9

ఒరేయ్ తమ్ముడూ,

ఉత్తరం చూసి కంగారు పడకు. ఎవరూ పోలేదు. మనింట్లో ఎవరైనా పోతేనే నీకు కబురు వస్తుందని నువ్వనుకుంటావు కనక ముందే చెబుతున్నాను. ఫోన్ చేస్తే "ఆఁ, ఊఁ, పనిలో ఉన్నా" అని పెట్టేస్తావు. కాగితాన్ని మధ్యలో పెట్టేయడం కుదరదు. చివరిదాకా చదివి తీరాలి.

సంగతేమిటంటే, పశువుల కొట్టాన్ని కోళ్ల షెడ్డుగా మారుస్తున్నాను. నిన్ను సలహా అడుగుదామా వద్దా అనే దశ దాటిపోయింది. మీ బావ నడుము సంగతి నీకు తెలుసు. బస్తా ఎత్తడం అటుంచి, చెంబు ఎత్తాలన్నా నన్నే పిలుస్తున్నాడు. పొలం కౌలుకిచ్చేశాం. కుట్టుమిషన్ తొక్కీ తొక్కీ నా మోకాళ్లు అరిగిపోయాయి. ఇరవై ఆరేళ్లుగా ఆ కొట్టం ఖాళీగా పడి ఉంది. అంత పెద్ద కప్పు కింద ఎలుకల్ని మేపేకంటే కోళ్లను మేపడం నయం కదా. హేచరీవాళ్లు మార్చి మొదట్లో మూడు వందల పిల్లల్ని ఇస్తామన్నారు. ఇది కూడా కుదరకపోతే ఇల్లు అమ్ముకుని ఎక్కడికైనా పోవడమే, ఇంకో దారి లేదు.

నువ్వు ఊరూరా ఇళ్లు కట్టే మేస్త్రివి. ఏ గోడ పడగొట్టాలో, ఏది ఉంచాలో, నేల ఎలా చేయించాలో రాసి పంపు. ఇక్కడ పొట్టి మేస్త్రి ఉన్నాడు. చెప్పింది చేస్తాడు. చెప్పనిది కూడా చేస్తాడు, అదే నా భయం.

పాత సామాను బయటికి తీస్తుంటే గూట్లో పొగకుండ కనబడింది. అదే, దోమలకని సాయంత్రం పూట పిడకలు వేసి పొగ పెట్టేవాళ్లం చూడు, ఆ కుండ. ఎక్కడా పగల్లేదు. కడిగి పెట్టాను. దేనికైనా పనికొస్తుంది.

తొందరగా రాయి. నీ తీరిక చూసుకుని రాస్తే కోడిపిల్లలు ముసలివైపోతాయి.

అక్క


జనవరి 20

అక్కా,

నీ ఉత్తరం పరంజా మీద కూర్చుని చదివాను. దిగేసరికి కలిపిన సిమెంటు గట్టిపడిపోయింది. కూలీలు నా మొహం చూసి దగ్గరికి రాలేదు.

అంత స్థలం పెట్టుకుని, నీకు ఆ కొట్టమే దొరికిందా? అందులో నాలుగు ప్రాణాలు పోయాయి. ఎర్రావు, దానికి రెండు రోజుల దూడ, జత ఎద్దులు. ఆ సాయంత్రం పొగ వేసి తలుపు మూసింది నేను. రోజూ వేసేది నేనే. పొద్దున్న నాన్న తలుపు తీస్తే నాలుగూ పడి ఉన్నాయి. నాకప్పుడు పదమూడేళ్లు. పదిమందినీ పిలిచి, కొట్టం గుమ్మం ముందు నన్ను నిలబెట్టి, "నిన్న దెబ్బలు తిన్నాడు కదా, ఆ కసితో కావాలని పొగ ఎక్కువ వేశాడు" అన్నాడు నాన్న. "నిప్పు లేనిదే పొగ రాదుగా" అన్నాడు గానుగాయన. నువ్వు అక్కడే ఉన్నావు. నువ్వు మర్చిపోయావేమో, నేను మర్చిపోలేదు.

నిజంగానే ఆ రోజు ఒక పిడక ఎక్కువ వేశానా అని ఇప్పటికీ నన్ను నేను అడుగుతూ ఉంటాను. నాకే తెలియదు.

ఇక్కడ నన్నేమంటారో తెలుసా? కన్నాల మేస్త్రి. ఏ ఇల్లు కట్టినా, అడిగినవాటికంటే రెండు గాలి కన్నాలు ఎక్కువే పెడతాను. కొత్తవాళ్లు ఆ పేరు విని దొంగననుకుని జేబులు తడుముకుంటారు. మన కొట్టానికి ఏడున్నాయి. ఎనిమిదోది కూడా ఉండుంటే అవి బతికేవేమో అని ఏ గోడ ఎత్తినా అనిపిస్తుంది.

సరే, నా మాట విని మానేసే రకం కాదు నువ్వు. చెబుతున్నాను, రాసుకో. ముందు గోడ మోకాలెత్తు ఉంచి, పైదంతా తీయించి ఇనుప వల కొట్టించు. వాన జల్లు పడితే దించడానికి గోనెపట్టాలు కట్టు. వెనక గోడ జోలికి పోకు. అది మట్టిగోడ, దూలాలన్నీ దానిమీదే కూర్చున్నాయి. చూరు కింద ఉన్న ఏడు కన్నాలకూ సన్నవల బిగిస్తే చాలు, పిల్లి దూరదు, గాలి ఆడుతుంది. మూత్రం కాలువ పూడ్పించి నేల గట్టి చేయించు. సున్నం రెండుసార్లు. అది పూర్తిగా ఆరాక నాలుగు వేళ్ల మందాన ఊక. మూలలకు అట్టలు గుండ్రంగా వంచి పెట్టు. చలేస్తే పిల్లలు మూలకు చేరి, ఒకదాని మీద ఒకటెక్కి ఊపిరాడక చస్తాయి.

ఆ కుండ పారేయ్. ఇవాళే.

తమ్ముడు


ఫిబ్రవరి 2

మేస్త్రిగారికి దండాలు.

నేను తోడబుట్టినవాడికి రాశాను. జవాబు మాత్రం కూలిమనిషికి రాసినట్టు వచ్చింది. జోలికి పోకు, రాసుకో, పారేయ్, ఇవాళే! బావ నడుము ఎలా ఉందని ఒక్క ముక్క లేదు. నీ నోట్లో నాలుక ఉందా, తాపీ ఉందా?

పని నడుస్తోంది. ముందు గోడ దించాం. లోపలికి వెలుతురు పడేసరికి అది మన కొట్టమేనా అనిపించింది. గుంజలకు తాళ్లు ఒరుసుకున్న గుర్తులు ఇంకా అలాగే ఉన్నాయి. పొట్టి మేస్త్రి కాలువ పూడ్చి నేల చేశాడు. అతను నిచ్చెనెక్కినా వల మేకు అందకపోతే, మీ బావ మంచం మీద పడుకునే "ఇంకొంచెం పైకి" అంటాడు. "మీరొచ్చి కొట్టండి" అంటాడు అతను. రోజూ ఇదే భాగోతం. ఎప్పుడో ఒకరోజు ఇద్దర్నీ కలిపి వల లోపల పెట్టి మేత వేస్తాను.

వెనక గోడకు కన్నాలు లేవు. ఏడూ లేవు, ఒకటీ లేదు. పళ్లెంలా నున్నగా ఉంది. నువ్వు వేరెవరి కొట్టమో తలుచుకుని రాసినట్టున్నావు. ఊళ్లు తిరిగేవాడికి గోడలన్నీ కలగాపులగం అవుతాయి. పెళ్లయ్యాక కూడా ఈ ఇంట్లోనే ఉండిపోయినదాన్ని, రోజూ ఆ గోడ పక్కనే బట్టలు ఆరేసుకునేదాన్ని, నాకు తెలీదా? లేనివాటి గురించి మళ్లీ మళ్లీ రాయకు. పాతవి తవ్వుకుని ఎవరం బాగుపడ్డాం? ఆ సంగతి ఇంతటితో వదిలేయ్.

కుండ పారేయను. నీ కోపానికి మంచి కుండ ఎందుకు బలి కావాలి?

అక్క


ఫిబ్రవరి 14

అక్కా,

బావ నడుము ఎలా ఉంది? అడిగాను. చాలా?

ఇక కన్నాల దగ్గరికి వద్దాం. ఎండాకాలమంతా ఆ కొట్టం అటక మీద పడుకున్నవాణ్ణి నేను. పొద్దున్నే ఏడు వెలుగు ముక్కలు ఎదుటి గోడ మీద పడేవి. లెక్కలు రాక బళ్లో దెబ్బలు తిన్నాను కానీ ఏడు లెక్కపెట్టలేనంత మొద్దును కాను. జానెడు ఎత్తు, బెత్తెడు వెడల్పు. ఐదోది కాస్త పెద్దది, దాంట్లో పిచ్చుక గూడు పెట్టేది. ఏడోది సరిగ్గా చివరి దూలం కొన కిందికి వచ్చింది. కట్టినవాడు తెలివితక్కువగా అక్కడ పెట్టాడని ఇప్పుడు తెలుస్తోంది. ఇంత చెప్పాక కూడా వేరెవరి కొట్టమో అంటావా?

అసలు నేను కోళ్ల గురించి రాస్తే నువ్వు "పాతవి తవ్వకు" అని రాయడమేమిటి? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, కన్నాలు అనగానే ఎందుకలా ఎగిరిపడ్డావు? కన్నాలు పూడిపోయి ఉంటే పూడిపోయాయని రాయి. తెరిపించు. లేవని మాత్రం రాయకు.

నీకిది కొత్తేమీ కాదులే. నీ పచ్చ గౌను గుర్తుందా? నేను దాని జోలికే పోలేదు. గాలిపటం తోకకని నేనే చింపానని అమ్మకు చెప్పావు. ఆ సాయంత్రం అమ్మ గరిటె విరిగేదాకా కొట్టింది. ఏడ్చుకుంటూ వెళ్లి కొట్టంలో పొగ వేశాను. తెల్లారేసరికి గొడ్లు చచ్చాయి. ఆ గౌను గొడవే లేకపోతే నాన్న "కసితో చేశాడు" అనడానికి వీలే లేదు. చిన్నపిల్లల అబద్ధమని నిన్నెప్పుడూ ఏమీ అనలేదు. నువ్వు మాత్రం నలభై రెండేళ్లు వచ్చినా నన్ను అబద్ధాలకోరును చేస్తూనే ఉన్నావు.

కన్నాలు తెరిపించకుండా పిల్లల్ని లోపల పెట్టకు. ఇది అరవడమే అనుకో, అరుస్తూనే చెబుతున్నాను.

తమ్ముడు


మార్చి 11

తమ్ముడూ,

చల్లగా ఉన్నావా? ఇక్కడ మా కొంప మునిగింది.

నాలుగో తారీకున పిల్లలొచ్చాయి. అట్టపెట్టెల్లో కిచకిచమంటూ మూడు వందలు. మీ బావ ఆరు నెలల తర్వాత మంచం దిగి కర్ర పట్టుకుని వచ్చి చూశాడు. రెండు చేతుల నిండా పట్టుకుని, ముక్కులు నీళ్లలో ముంచి ఒక్కొక్కదాన్నీ వదిలాను. మూడు రోజులు నాకు ఆకలే తెలియలేదు.

ఎనిమిదిన వాన పట్టుకుంది. చలిగాలి. కరెంటు పోయి దీపాలు ఆరిపోయాయి. పిల్లలన్నీ ముద్దలా ఒకచోటికి చేరుతుంటే, నువ్వు చెప్పినట్టే గోనెపట్టాలు దించి కట్టేశాను. వెచ్చదనం కోసం కుంపట్లో బొగ్గులు వేసి పెట్టాను. ఒక్కటి చాలలేదు. రెండోదానికి ఆ కుండలో వేశాను. అవును, ఆ కుండలోనే. తలుపు మూసి వచ్చాను. తెల్లారి తలుపు తీసేసరికి కిచకిచ లేదు. లోపలికి రెండడుగులు వేశానో లేదో తల తిరిగి గుమ్మం పట్టుకుని కూలబడ్డాను. మీ బావ కేకలు వేస్తే పొట్టి మేస్త్రి వచ్చి పట్టాలు కోసేశాడు. నూట పన్నెండు పోయాయి. మిగతావి మధ్యాహ్నానికి లేచి తిరిగాయి.

నీ లెక్క ప్రకారమే కట్టాను. నీ పట్టాలు, నీ మోకాలెత్తు గోడ, నీ వంచిన అట్టలు. మేస్త్రివని నిన్ను నమ్మినందుకు గోతిలో సున్నం చల్లి నూట పన్నెండు పిల్లల్ని పూడ్చాను. ఇప్పుడు "నేను ముందే చెప్పాను" అని మాత్రం రాయకు. ఆ ముక్క చదివే ఓపిక నాకు లేదు.

అక్క


మార్చి 19

అక్కా,

నేను ముందే చెప్పాను. చదువు. ఓపిక తెచ్చుకుని చదువు. ఒకసారి కాదు, మూడుసార్లు చెప్పాను.

నా లెక్క ప్రకారమా? నా లెక్కలో వెనక గోడకు ఏడు కన్నాలున్నాయి! ముందు పట్టాలు దించినా వెనక నుంచి గాలి ఆడుతుందనే కదా నిన్ను పట్టాలు కట్టమన్నది. తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నట్టు, నేను కన్నాలు అంటే నువ్వు బావ నడుము అన్నావు. మూసిన గదిలో బొగ్గులు రాజేసి తలుపు వేసుకుంటారా ఎవరైనా? నువ్వే లోపల పడుకుని ఉంటే?

పారేయమన్న కుండలోనే వేశావు. అది చదవగానే ఉత్తరం కింద పెట్టి బయటికి వెళ్లిపోయాను. చాలాసేపు తిరిగాను. నాకొకటి చెప్పు. నేను చేసిందే నువ్వూ చేశావు. అదే కొట్టం, అదే కుండ, అదే మూసిన తలుపు. నిన్నెవరైనా గుమ్మం ముందు నిలబెట్టారా? పదిమందిని పిలిచి, కసితో చంపిందన్నారా? పొట్టి మేస్త్రి పరిగెత్తుకొచ్చి పట్టాలు కోశాడు. బావ మంచినీళ్లిచ్చి ఉంటాడు. నా దగ్గరికి ఎవరొచ్చారు?

ఇప్పుడు నేను చెప్పింది చెప్పినట్టు చేయి. ఎడమ చివరి గుంజ దగ్గర మొదలుపెట్టి, చూరుకు జానెడు కింద, రెండు మూరలకొకచోట పలుగుతో మెల్లగా కొట్టించు. కన్నాలు దొరక్కపోతే ఈ జన్మలో తాపీ పట్టను. దొరికితే మాత్రం, లేవని ఎందుకు రాశావో నాకు చెప్పాలి.

తమ్ముడు


మార్చి 28

తమ్ముడూ,

కవర్లో ఉన్న గుడ్డముక్క ముందు చూడు. తర్వాత ఇది చదువు.

నువ్వు చెప్పినట్టే కొలిపించాను. పలుగు రెండు దెబ్బలకే పైపూత పెళ్ల ఊడింది. మొదటి రెండింట్లో మట్టీ గడ్డీ. తర్వాతి రెండింట్లో గోనెగుడ్డ. ఐదోది పెద్దదన్నావు కదా, దాంట్లోంచి నా పచ్చ గౌను వచ్చింది. మట్టి పట్టి అట్టలా అయిపోయింది, కానీ కుచ్చులు తెలుస్తున్నాయి. పొట్టి మేస్త్రి దాన్ని దులిపి, "ఎవరిదమ్మా ఇది?" అన్నాడు. "నాదే" అన్నాను.

నాకు తెలుసురా. మొదట్నుంచీ తెలుసు.

ఆ సాయంత్రం చలిగాలి కొడుతోంది. కొత్త దూడ వణుకుతోందని నాన్న కన్నాలు పూడ్చాడు. "ఈ ఒక్క రాత్రికే, పొద్దున్న తీసేద్దాం" అన్నాడు. మట్టి కలిపి అందించింది నేను. ఐదోదానికి గోనె చాలలేదు. నాకా గౌను మొదట్నుంచీ ఇష్టం లేదు, అందరూ రామచిలుక అని ఏడిపించేవాళ్లు. దండెం మీద నుంచి లాగి, నేనే రెండుగా చింపి నాన్న చేతికిచ్చాను. అమ్మ వచ్చి గౌను ఏదని అడిగితే భయం వేసి నీ పేరు చెప్పాను. నాన్న అప్పుడు బావి దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. నువ్వు దెబ్బలు తిని ఏడ్చుకుంటూ వచ్చి, చీకట్లో రోజూలాగే పొగ వేసి తలుపు మూశావు. కన్నాలు పూడ్చామని నీకెవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

పొద్దున్న నిన్ను నిలబెట్టినప్పుడు నాన్న నావైపు చూశాడు. నేను నాన్నవైపు చూశాను. కన్నాల మాటెత్తితే గౌను బయటపడుతుంది, అమ్మ కొడుతుంది. పదహారేళ్లదాన్ని, నేను భయపడింది అమ్మ గరిటెకి! ఆయన దేనికి భయపడ్డాడో నాకు తెలియదు. వారం తిరక్కుండా గోడంతా పూత పూయించాడు. ఆ తర్వాత చెబుదాం చెబుదాం అనుకుంటూనే నువ్వు ఎవరో మేస్త్రి వెంట వెళ్లిపోయావు. ఆరేళ్ల కిందట ఆయన పోయినప్పుడు నువ్వు గేటు దగ్గరే నిలబడి వెనక్కి తిరిగిపోతుంటే, పరిగెత్తుకొచ్చి చెబుదామనుకున్నాను. గుమ్మం దాటలేదు.

కన్నాలు తెరిపించకుండా పిల్లల్ని పెట్టింది కూడా అందుకే. తెరిస్తే గౌను వస్తుందని. నూట పన్నెండింటిని చంపింది నా నోరు.

నాన్న మీద కోపంగా ఉంది. నామీద ఇంకా కోపంగా ఉంది. న్యాయమో కాదో గానీ నీమీద కూడా కోపమే. నాలుగేళ్లు ఇంట్లో ఉన్నావు, ఒక్కసారైనా ఆ గోడ వెనక్కి వెళ్లి ఎందుకు చూడలేదు? చూసి ఉంటే నాకీ ఉత్తరం తప్పేది.

ఇంక తిట్టు.

అక్క


ఏప్రిల్ 6

ఏమని పిలవాలో తెలియక పిలుపు లేకుండానే మొదలుపెడుతున్నాను.

ఆ గోడను ఎందుకు చూడలేదంటావా? తల ఎత్తితే కదా గోడ కనబడేది! ఆ ఇంట్లో నేను తల ఎత్తి తిరిగానా ఆ నాలుగేళ్లు? "గొడ్లను చంపినోడు" అని బళ్లో నా పక్కన ఎవరూ కూర్చునేవాళ్లు కాదు. నీకు తెలుసు. నువ్వు అదే బడికి వచ్చేదానివి. అమ్మ గరిటెకి భయపడ్డావు, సరే. అమ్మ పోయి పన్నెండేళ్లయింది. ఈ పన్నెండేళ్లూ ఎవరి గరిటెకి భయపడ్డావు?

నాన్న మీద కోపం చూపించడానికి ఆయన లేడు. తిలా పాపం తలా పిడికెడు అంటారు. మీరిద్దరూ కలిసి పంచకుండా నాకొక్కడికే వడ్డించారు. ఇక్కడ నేను కట్టిన ఇళ్లు లెక్కపెట్టుకున్నాను. నలభై ఒకటి. అన్నింట్లో రెండేసి కన్నాలు ఎక్కువ. అవన్నీ నీ గౌను పూడ్చిన కన్నాలు.

క్షమించమని నువ్వు రాయలేదు. మంచి పని చేశావు. రాసి ఉంటే చింపేసేవాణ్ణి.

ఒక పని చేయి. పదిమంది ముందు చెప్పిన మాట పదిమంది ముందే వెనక్కి తీసుకోవాలి. ఆ రోజు ఉన్నవాళ్లలో ఎవరు మిగిలి ఉంటే వాళ్లను పిలువు. అదే గుమ్మం ముందు నిలబడి, గౌనుతో సహా, నోరు తెరిచి గట్టిగా చెప్పు. చెప్పాక ఎవరేమన్నారో ఒక్క ముక్క మార్చకుండా నాకు రాయి. అప్పటిదాకా ఉత్తరాలు వద్దు.

మేస్త్రి


ఏప్రిల్ 20

తమ్ముడూ,

చెప్పాను. ఒక్క ముక్క మార్చకుండా రాస్తున్నాను.

మిగిలింది ముగ్గురే. గానుగాయన, పశువుల ఆస్పత్రిలో పనిచేసిన కాంపౌండర్, ఎదురింటి పెద్దమ్మ. ఆదివారం పొద్దున్న రమ్మన్నాను. ముగ్గురూ సంచులు తెచ్చుకున్నారు, కోళ్లు ఊరికే ఇస్తానేమోనని. కొట్టం గుమ్మం ముందు కుర్చీలు వేశాను. మీ బావ మంచం కూడా బయట వేయించాను. ఆయనకూ ఆ రోజు దాకా తెలియదు. గౌను ముక్క చేత్తో పట్టుకుని, "కన్నాలు పూడ్చింది నాన్న. మట్టి అందించింది నేను. గౌను చింపింది నేను. మా తమ్ముడి తప్పు లేదు" అన్నాను. రెండోసారి అరిచి చెప్పాను.

గానుగాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏ ఆవు?" అన్నాడు. ఎర్రావు అన్నాను. "మీకు ఆవులుండేవా?" అన్నాడు. నిప్పు లేనిదే పొగ రాదన్నావు కదయ్యా అని గుర్తుచేశాను. "నేను అలా అనే మనిషిని కాదమ్మా" అన్నాడు.

కాంపౌండర్ మాత్రం, "గాలాడక చచ్చాయని నాకు ఆ రోజే తెలుసు. కన్నాలేవని మీ నాన్నను అడిగాను కూడా. ఇంటి గొడవ, నాకెందుకని ఊరుకున్నా" అన్నాడు. ఇప్పుడైనా చెప్పినందుకు సంతోషించాలో, మొహం మీద పేడనీళ్లు పోయాలో తేల్చుకోలేకపోయాను.

పెద్దమ్మ మాత్రం మొహం విప్పార్చుకుని, "మీ తమ్ముడా? తెలియకేమే! అక్క గౌను చింపిన పిల్లాడు కదూ!" అంది. ఇంత చెప్పాక కూడా! గొడ్లు గుర్తులేవు, దూడ గుర్తులేదు, ఆ గౌను ఒక్కటే గుర్తు. "చింపింది నేనే పెద్దమ్మా, నేనే!" అని వీధంతా వినబడేలా అరిచాను. "పోనీలే, చిన్నపిల్లలు" అని నా చెయ్యి తట్టి, కోళ్లు ఎప్పుడిస్తావు అని అడిగింది.

అంతే. సంచులు మడుచుకుని వెళ్లిపోయారు. మీ బావ రెండు రోజుల నుంచి నాతో మాట్లాడటం లేదు. చెంబు తనే ఎత్తుకుంటున్నాడు.

కన్నాలు ఆరు తెరిచాం. ఏడోదాని దగ్గరికి పొట్టి మేస్త్రి పోనంటున్నాడు. దూలం కొన దానిమీదే ఉందని, పలుగు పెడితే కప్పు దిగుతుందని భయం. ఆ కుండ నిన్న చేతిలోకి తీసుకున్నాను, పగలగొడదామని. నిన్ను అడక్కుండా చేయబుద్ధి కాలేదు. ఏం చేయమంటావో రాయి.

అక్క


ఏప్రిల్ 29

అక్కా,

గానుగాయన మాట చదివి నవ్వొచ్చింది. నవ్వుతూనే ఉన్నాను, ఎప్పుడు కోపంగా మారిందో తెలియలేదు. తాపీ గోడకేసి కొడితే పిడి ఊడింది. ఎవరికీ గుర్తు లేనిదాన్నా నేను ఇన్నేళ్లు మోసింది? పెద్దమ్మ మాట ఇంకోసారి చదివాను. నేను పోయాక కూడా ఆ ఊళ్లో గౌను చింపినవాణ్ణే. నీ అబద్ధం గట్టిది, నేను కట్టిన గోడలకంటే గట్టిది. కాంపౌండర్ గురించి ఏమీ రాయను. రాస్తే కాగితం కాలుతుంది.

నీమీద కోపం తగ్గలేదు. తగ్గిందని రాస్తే మనింట్లో ఇంకో అబద్ధం అవుతుంది.

అబద్ధమంటే గుర్తొచ్చింది. ఆ రోజు పిడక ఎక్కువ వేశానో లేదో నాకే తెలియదని మొదటి ఉత్తరంలో రాశాను. తెలుసు. వేశాను. వీపు మండుతుంటే కోపంతో ఒకటి ఎక్కువే వేశాను. కన్నాలు తెరిచి ఉంటే ఆ పొగ పోయేది, వాటికేమీ అయ్యేది కాదు. అది ఇప్పుడు తెలిసింది. కానీ వేశాను. నువ్వు ముగ్గురి ముందు చెప్పావు, నేను నీ ఒక్కదానికి చెబుతున్నాను. నీ దగ్గర పెట్టుకో, ఎలాగూ దాచడం నీకు అలవాటే.

ఏడోదాన్ని పొట్టి మేస్త్రిని ముట్టుకోనివ్వకు. కప్పు నిజంగానే దిగుతుంది. దూలం దిగకుండా కింద ఊతంగా రెండు పోట్లు పెట్టి, పక్క నుంచి తవ్వుకుంటూ రావాలి. అది నా పని. పదో తారీకుకి ఇక్కడ స్లాబు అయిపోతుంది, పన్నెండుకి అక్కడుంటాను. నాలుగు బస్తాల ఇసుక జల్లించి పెట్టించు. పోట్లకు రెండు గట్టి దుంగలు చూడు. నేను వచ్చేది గోడ కోసం, నీకోసం కాదు. మాట్లాడించాలని చూడకు. బావతో మాట్లాడతాను. పెద్దమ్మ వస్తే నన్ను చూపించు, దేనికి గుర్తుపడుతుందో చూద్దాం.

కుండ పగలగొట్టకు. గూట్లో ఎక్కడుండేదో అక్కడే పెట్టు. దాన్ని నేను పగలగొట్టాలి. నువ్వు పక్కన నిలబడాలి.

తమ్ముడు